గిటార్ టాబ్లేచర్ - సంగీతలిపి సాఫ్ట్‌వేర్: లేఖనవిధాన విమర్శ

వ్యాససంగ్రహం:

సంగీతాన్ని రాసే లిపులు రెండు రకాలు. వినిపించే స్వరాన్ని చెప్పేవి కొన్ని, వాద్యంమీద వేలు చేయవలసిన పనిని చెప్పేవి మరికొన్ని. గిటార్ టాబ్లేచర్ రెండో రకానికి చెందినది. స్టాఫ్ నొటేషన్‌ను, టాబ్లేచర్‌ను ఒకే సమాచారం నుంచి పక్కపక్కనే ముద్రించే సాఫ్ట్‌వేర్లు నేడు అందుబాటులో ఉన్నాయి. ఒక లిపి నుంచి మరొక లిపికి మారేటప్పుడు మూలంలో లేని అంశాలను ఈ సాఫ్ట్‌వేర్లు తామే నిర్ణయించి పూరిస్తున్నాయి. ఆ పూరణ గ్రంథపరిష్కరణతో సమానమైన పని అనీ, దానికి పరిష్కరణ నియమాలే వర్తించాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. లూట్, విహుయెలా, గిటార్ ముద్రణ చరిత్రను, నేటి సాఫ్ట్‌వేర్ల పనితీరును, 1904లో తెలుగులో వెలువడిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలోని గమక సంకేతాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: టాబ్లేచర్, స్టాఫ్ నొటేషన్, సంగీతలిపి, సాఫ్ట్‌వేర్, గ్రంథపరిష్కరణ, గమకం, వీణ.

1. ఉపోద్ఘాతం:

లిపి అనగానే భాషాలిపి స్ఫురించడం సహజం. భాషాలిపి ఉచ్చారణను సూచిస్తుంది గాని నాలుక ఎక్కడ తాకాలో, పెదవులు ఎలా కదలాలో చెప్పదు. ఆ సంగతి శిక్షాగ్రంథాలు చెబుతాయి. సంగీతంలో మాత్రం ఈ రెండు పనులకూ వేర్వేరు లిపులు పుట్టాయి. ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ ఏ స్వరం, ఎంతసేపు అనే విషయాన్ని చెబుతుంది. టాబ్లేచర్ ఏ తీగను ఏ మెట్టు దగ్గర నొక్కాలో చెబుతుంది. నేటి గిటార్ టాబ్లేచర్‌లో ఆరు గీతలు ఆరు తీగలకు గుర్తులు. అన్నింటికన్నా సన్నని తీగకు పై గీత, లావు తీగకు అడుగు గీత. గీతమీద వేసిన అంకె నొక్కవలసిన ఫ్రెట్‌ను తెలుపుతుంది. సున్నా ఉంటే తీగను నొక్కకుండా మీటాలి. వీణ మెట్లు తెలిసినవారికి దీనిని ప్రత్యేకంగా వివరించనవసరం లేదు.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత బోధనలో టాబ్లేచర్‌ను స్టాఫ్ నొటేషన్ చదవలేనివారికి ఊతకర్రగా భావించేవారున్నారు. జనరంజక సంగీతం వాయించేవారిలో స్టాఫ్ నొటేషన్‌ను అనవసర భారంగా చూసేవారూ ఉన్నారు. రెండు లిపులను ఒకే పుటలో చూపే సాఫ్ట్‌వేర్లు ఈ వివాదాన్ని ముగించాయన్న అభిప్రాయం కలగవచ్చు. నిజానికి అవి మరొక ప్రశ్నను ముందుకు తెచ్చాయి. పుటమీద కనిపించే రెండు లిపులలో ఏది మూలం, ఏది వ్యాఖ్యానం? ఆ వ్యాఖ్యానాన్ని రాసింది ఎవరు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితం.

2. టాబ్లేచర్ - చారిత్రక నేపథ్యం:

టాబ్లేచర్‌ను ఇటీవలి సౌకర్యంగా భావించడం చారిత్రకంగా సరికాదు. వెనిస్ నగరంలో ఒట్టావియానో పెట్రుచ్చి 1507లో ప్రచురించిన ఫ్రాంచెస్కో స్పినచినో లూట్ సంపుటాలు టాబ్లేచర్‌లోనే ఉన్నాయి. ఇటాలియన్ పద్ధతిలో అంకెలు వాడతారు. వాద్యాన్ని ఒడిలో పెట్టుకొన్నప్పుడు హెచ్చు శ్రుతి తీగ నేలవైపు ఉంటుంది కనుక పుటలోనూ దానికి అడుగు గీతనే కేటాయించారు. ఫ్రెంచి పద్ధతిలో అంకెలకు బదులు అక్షరాలు, హెచ్చు శ్రుతి తీగకు పై గీత. జర్మన్ పద్ధతిలో తీగలను సూచించే గీతలే లేవు. తీగ, ఫ్రెట్ కలిసే ప్రతి చోటుకూ ఒక్కొక్క విడి గుర్తు ఉంది. స్పెయిన్‌లో లూయిస్ మిలాన్ 1536లో వెలువరించిన ఎల్ మాయెస్త్రో అనే విహుయెలా గ్రంథం అంకెలను వాడినా, తక్కిన విహుయెలా గ్రంథాలకు భిన్నంగా, హెచ్చు శ్రుతి తీగను పై గీతమీద ఉంచింది. నేటి గిటార్ టాబ్లేచర్ అమరిక దీనికి దగ్గరగా ఉంది. అలోన్సో ముదార్రా 1546 నాటి గ్రంథంలోని గిటార్ రచనలు కూడా టాబ్లేచర్‌లోనే అచ్చయ్యాయి.

18వ శతాబ్ది చివరి భాగంలో గిటార్ ముద్రణ స్టాఫ్ నొటేషన్ వైపు మరలింది. ఫెర్నాందో సోర్ వంటి రచయితల కృతులు ఈ కొత్త లిపిలోనే వెలువడ్డాయి. అందువల్ల గిటార్ సాహిత్యంలో రెండు రకాల మూలాలు మిగిలాయి. ముదార్రాకు టాబ్లేచరే మూలం, సోర్‌కు స్టాఫ్ నొటేషనే మూలం. ముదార్రాను స్టాఫ్‌లోకి మార్చినా, సోర్‌ను టాబ్లేచర్‌లోకి మార్చినా ఆ మార్పు చేసినవారి అవగాహన పుటలో చేరుతుంది. సాఫ్ట్‌వేర్ చర్చకు ఈ భేదమే ఆధారభూమి.

3. రెండు లిపుల మధ్య అసమానత:

3.1 ఒక స్వరం - అనేక స్థానాలు:

సాధారణ శ్రుతి అమరికలో గిటార్ మొదటి తీగను నొక్కకుండా మీటితే పలికే 'ఈ' స్వరాన్ని గమనించవచ్చు. అదే స్వరం రెండో తీగమీద 5వ ఫ్రెట్‌లో, మూడో తీగమీద 9వ ఫ్రెట్‌లో, నాలుగో తీగమీద 14వ ఫ్రెట్‌లో, ఐదో తీగమీద 19వ ఫ్రెట్‌లో పలుకుతుంది. 24 ఫ్రెట్‌లున్న ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆరో తీగమీద చివరి ఫ్రెట్‌లో కూడా పలుకుతుంది. స్టాఫ్ నొటేషన్‌లో ఈ ఆరింటికీ ఒకే చుక్క. వినికిడిలో మాత్రం ఇవి ఒకటి కావు. సన్నని తీగ నాదం వేరు, లావు తీగను పై మెట్లలో నొక్కినప్పుడు వచ్చే నాదం వేరు. నాలుగు స్వరాల చిన్న సంచారంలో ఒక్కొక్క స్వరానికి మూడేసి స్థానాలున్నాయనుకున్నా మొత్తం 81 మార్గాలు ఏర్పడతాయి. వాటిలో చేతికి అందేవి కొన్ని, రచన స్వభావానికి తగినవి ఇంకా కొన్నే. ఆ ఎంపిక వాదకుని వ్యాఖ్యానంలో భాగం.

3.2 ఒక స్థానం - రెండు పేర్లు:

దీనికి ఎదురు సమస్య టాబ్లేచర్‌లో ఉంది. మొదటి తీగ 4వ ఫ్రెట్‌లో పలికేది 'జీ షార్ప్' కావచ్చు, 'ఏ ఫ్లాట్' కావచ్చు. అంకె ఆ తేడాను చెప్పదు. కర్ణాటక సంగీత లక్షణం తెలిసినవారికి ఇది పరిచితమైన విషయమే. 12 స్వరస్థానాలకు 16 పేర్లున్న పద్ధతిలో చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టుమీద పలుకుతాయి. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం కూడా అంతే. మెట్టు సంఖ్య మాత్రమే రాస్తే అది రిషభమో గాంధారమో తెలియదు. ఆ పేరు తెలియకపోతే మేళం తెలియదు. స్టాఫ్‌లోని షార్ప్, ఫ్లాట్ భేదం కూడా ఇలాగే స్వరం ఏ శ్రేణికి చెందినదో, ఎటు నడుస్తున్నదో తెలుపుతుంది. టాబ్లేచర్ ఆ వ్యాకరణాన్ని వదిలేస్తుంది.

3.3 శ్రుతిని కూడా చెప్పని సందర్భం:

తీగల శ్రుతి తెలిస్తే టాబ్లేచర్ నుంచి స్వరాన్ని తప్పకుండా నిర్ణయించవచ్చని సాధారణంగా భావిస్తారు. బరోక్ గిటార్ విషయంలో ఇదీ పూర్తిగా నిలవదు. ఆ వాద్యంలో తీగలు జతలుగా ఉంటాయి. నాలుగు, ఐదు జతలకు తీగలను ఏ స్థాయిలో కట్టాలన్న విషయంలో పలు పద్ధతులు ఉండేవి. గాస్పార్ సాంస్ 1674లో సరగోసాలో ప్రచురించిన గిటార్ బోధనాగ్రంథంలో, స్వరాలను విడివిడిగా మీటే శైలికి ఈ రెండు జతలకూ సన్న తీగలు కట్టడమే మేలన్నాడు. అదే అంకె ఒక కట్టుబడిలో కింది స్థాయి స్వరాన్ని, మరొక కట్టుబడిలో పై స్థాయి స్వరాన్ని, రెండు స్థాయిల తీగలు జతగా ఉన్నప్పుడు రెంటినీ ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తీగకు ఒక శ్రుతి చొప్పున పట్టిక ఇవ్వవలసి ఉంటుంది. ఆ పట్టిక నింపిన క్షణంలోనే పరిష్కర్త ఒక చారిత్రక వివాదంలో పక్షం వహిస్తున్నాడు. ముద్రిత పుట ఆ సంగతిని చెప్పదు.

4. సాఫ్ట్‌వేర్ చేసే ఎంపికలు:

ఇంటర్నెట్‌లో విస్తరించిన తొలి రకం ట్యాబ్‌లు టైపు చేసిన అక్షరాలతో కూర్చినవి. ఆరు వరుసల అడ్డగీతలు, వాటి మధ్య అంకెలు. అక్షరాల వెడల్పు సమానంగా లేని ఫాంట్‌లో తెరిస్తే వరుసలు చెదిరిపోతాయి. 12 అని కనిపించినప్పుడు అది పన్నెండో ఫ్రెట్టో, ఒకటి తరువాత రెండో ఫ్రెట్టో సందేహం కలుగుతుంది. కాలప్రమాణం దాదాపుగా ఉండదు. పాట ముందే విన్నవారికే అది ఉపయోగపడుతుంది. కంప్యూటర్‌కు మాత్రం అందులో సంగీతం కనిపించదు, గీతల బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్‌లలో టైపు చేసిన పుస్తకాలతో పనిచేసిన పరిశోధకులకు ఈ స్థితి తెలిసినదే. ఆ ఫాంట్ ఉంటే తెలుగు కనిపిస్తుంది, లేకుంటే అర్థంలేని అక్షరాలు మిగులుతాయి. వెతకడం, వరుస పేర్చడం సాధ్యం కాదు.

సంగీతలిపి సాఫ్ట్‌వేర్లు ఈ పరిమితిని దాటాయి. వాటిలో స్వరం, కాలం, తీగ, ఫ్రెట్ వేర్వేరు సమాచారంగా నిలువ ఉంటాయి. పుట రూపం ఆ సమాచారం నుంచి పుడుతుంది. ఈ పని మూడు మార్గాలలో జరుగుతున్నది.

మొదటిది 1997లో వచ్చిన గిటార్ ప్రో మార్గం. రాసేవారు తీగను ఎంచుకొని ఫ్రెట్ అంకె వేస్తారు. స్టాఫ్ దానంతట అదే ఏర్పడుతుంది. ఇక్కడ స్థానం రచయిత నిర్ణయం, స్వరనామం సాఫ్ట్‌వేర్ ఊహ. 'జీ షార్ప్' కావలసిన చోట 'ఏ ఫ్లాట్' వచ్చే అవకాశం ఈ దిశలోనే ఎక్కువ.

రెండోది లిలీపాండ్ మార్గం. నెదర్లాండ్స్‌లో 1996లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్వరాల పేర్లను, కాలాన్ని మామూలు అక్షరాలలో రాస్తారు. అదే పాఠాన్ని స్టాఫ్‌గాను, టాబ్లేచర్‌గాను ముద్రించమని ఆదేశించవచ్చు. తీగ సంఖ్యను రాసేవారు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ మొదటి స్థానానికి, అంటే వాద్యం తల దగ్గరి ఫ్రెట్‌లకు ప్రాధాన్యమిస్తుంది. నొక్కని తీగ దొరికితే దానినే తీసుకుంటుంది. ఫలానా ఫ్రెట్‌కు కిందికి పోవద్దని ఒక కనిష్ఠ సంఖ్య ఇస్తే టాబ్లేచర్ మొత్తం మారిపోతుంది. స్వరాలలో ఒక్క అక్షరం మారకుండా వాద్యంమీద చేతి నడక అంతా మారుతుందన్నమాట. పై 'ఈ' స్వరాన్ని ఏమీ చెప్పకుండా రాస్తే మొదటి తీగ సున్నాగా అచ్చవుతుంది. లావు తీగ మృదునాదాన్ని ఉద్దేశించిన చోటైనా సరే అంతే.

మూడోది మ్యూజ్‌స్కోర్ వంటి తెరమీద నేరుగా రాసే సాఫ్ట్‌వేర్ల మార్గం. ఇందులో స్టాఫ్‌ను, టాబ్లేచర్‌ను ముడివేసి ఉంచవచ్చు. ఒకదానిలో చేసిన మార్పు రెండోదానిలో వెంటనే కనిపిస్తుంది. స్వరం మారకుండా అంకెను ఒక తీగ నుంచి మరొక తీగకు జరపవచ్చు. బోధనకు ఇది అనుకూలం. అయితే జరపకుండా వదిలేసిన అంకె, ఆలోచించి ఉంచిన అంకె పుటలో ఒకేలా కనిపిస్తాయి.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి రచనను పంపేటప్పుడు ఈ సమస్య పెరుగుతుంది. 1983 నాటి మిడి ప్రమాణంలో స్వరానికి ఒక సంఖ్య ఉంటుంది. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క చానెల్ కేటాయిస్తే తప్ప తీగ సమాచారం నిలవదు. మిడి ద్వారా పంపిన గిటార్ రచన ఆవలి తీరాన స్వరాలుగా మాత్రమే చేరుతుంది, స్థానాలను కొత్త సాఫ్ట్‌వేర్ మళ్లీ ఊహిస్తుంది. 2004లో తొలి రూపం వెలువడిన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో తీగ, ఫ్రెట్ సంఖ్యలకు, తీగల శ్రుతికి ప్రత్యేక స్థానం ఉంది. ఇది పెద్ద మేలు. అయినా ఆ సంఖ్య రచయిత ఇచ్చినదా, యంత్రం పూరించినదా అన్న సమాచారం దానితోపాటు ప్రయాణించదు. లిలీపాండ్ మూలపాఠంలో మాత్రం రాసినవారు చెప్పిన తీగ సంఖ్యలు స్పష్టంగా ఉంటాయి, చెప్పనివి ఉండవు. అందువల్ల మూలపాఠం చదివితే బాధ్యత ఎవరిదో తేలుతుంది. ముద్రిత పుటను మాత్రమే చూసే పాఠకునికి ఆ అవకాశం లేదు.

5. కాలప్రమాణం, బహుస్వరగతి:

గిటార్‌పై మంద్రంలో ఒక స్వరం నిలిచి ఉండగా పైన రాగం నడవడం సామాన్యం. స్టాఫ్‌లో కింది స్వరానికి తోక కిందికి, పై స్వరాలకు తోకలు పైకి వేసి రెండు గతులను విడిగా చూపుతారు. పాత లూట్ టాబ్లేచర్‌లో గీతలపైన ఉండే కాలసంకేతాలు తరువాతి మీటు ఎప్పుడో మాత్రమే చెబుతాయి. మీటిన స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పవు. ఆ టాబ్లేచర్‌ను స్టాఫ్‌లోకి మార్చే పండితులు మంద్రస్వరం ఎంతవరకు సాగుతుందో ఊహించి రాయవలసిందే. ఒకే రచనకు వేర్వేరు ప్రచురణలలో వేర్వేరు బహుస్వరగతి కనిపించడానికి ఇది ముఖ్య కారణం.

సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఒక మంచి అవకాశాన్ని ఇచ్చి, దానిని తెరచాటున ఉంచింది. లిలీపాండ్‌లో ఏమీ చెప్పకపోతే టాబ్లేచర్‌లో అంకెలే అచ్చవుతాయి, తోకలు, విరామచిహ్నాలు రావు. పూర్ణరూపం కావాలంటే ప్రత్యేక ఆదేశం ఇవ్వాలి. మ్యూజ్‌స్కోర్‌లోనూ సరళరూపం, పూర్ణరూపం వేరువేరుగా ఉన్నాయి. పైన స్టాఫ్ ఉన్నప్పుడు సరళరూపం చాలు. టాబ్లేచర్‌ను ఒంటరిగా ప్రచురించినప్పుడు అదే సరళరూపాన్ని వాడితే రచనలో సగభాగం పుటనుంచి జారిపోతుంది. విద్యార్థికి మిగిలేది అంకెల వరుస. వినికిడి ద్వారా రచన ముందే తెలియకపోతే ఆ వరుస సంగీతం కాదు.

లిపి వదిలినదాన్ని స్మృతి నిలుపుతుందన్న వాదన ఉంది. గురుపరంపర సజీవంగా ఉన్నంతకాలం అది నిజమే. అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకుల అనుభవం ఈ వాదనకు హద్దును చూపుతుంది. రేకులమీద సాహిత్యం, రాగం పేరు నిలిచాయి. స్వరలిపి లేదు. పాడే పరంపర తెగిన తరువాత మూలపు వరుసలు తిరిగి దొరకలేదు. నేడు వినిపించేవాటిలో అధికభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన తరువాతి విద్వాంసులు కూర్చిన వరుసలే. ఏది రాయనవసరం లేదని ఒక తరం భావిస్తుందో అదే తరువాతి తరానికి అందకుండా పోవచ్చు.

6. తీగను లాగడం - వేలి స్థానం, వినిపించే స్వరం:

టాబ్లేచర్ బలం బాగా తెలిసేది బెండ్ అనే ప్రక్రియలో. 7వ ఫ్రెట్ దగ్గర నొక్కిన తీగను పక్కకు లాగితే 8వ లేదా 9వ ఫ్రెట్ స్వరం వినిపిస్తుంది. టాబ్లేచర్‌లో 7 అంకె వేసి పైకి వంగిన బాణం గీసి, అరస్వరమో పూర్తిస్వరమో రాస్తారు. స్టాఫ్‌లో చేరిన స్వరాన్ని రాస్తారు. మొదటిది వేలు ఉన్న చోటును, రెండోది చెవికి అందినదాన్ని చెబుతుంది.

వీణలో ఇది ప్రాణప్రదమైన ప్రక్రియ. ఒక మెట్టుమీద తీగను లాగి పై స్వరాలను పలికించడం గమకాలకు ఆధారం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒదుక్కల్, ఒరిక, ఏట్ర జారు, ఇరక్క జారు వంటి గమకాలకు వేర్వేరు సంకేతాలు ఏర్పరచారు. వీటిలో వళి, ఒదుక్కల్ వంటివి వీణమీద తీగను లాగే పద్ధతితో ముడిపడినవి. స్వరాక్షరం వినికిడిని చెబుతుంది, పైనున్న సంకేతం చేతి పనిని స్ఫురింపజేస్తుంది. అంటే ఒకే పంక్తిలో ధ్వనిలిపి, క్రియాలిపి కలిశాయి. ఈ కృషికి ప్రోత్సాహమిచ్చిన చిన్నస్వామి మొదలియార్ అంతకుముందే కర్ణాటక కృతులను స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురించడానికి పూనుకొన్నవారు కావడం గమనార్హం. రెండు లిపుల హద్దులను గుర్తించిన వాతావరణంలోనే తెలుగు గమకలిపి ముద్రణకు వచ్చిందని చెప్పవచ్చు.

ఈ దృష్టితో చూస్తే నేటి సాఫ్ట్‌వేర్ బెండ్ సంకేతం ఇంకా పేదదే. ఎంత లాగాలో చెబుతుంది గాని ఎంత వేగంతో, ఏ స్వరం దగ్గర నిలిచి, ఎలా విడవాలో పుటమీద పూర్తిగా చెప్పదు. గిటార్ ప్రోలో బెండ్‌ను బిందువుల రేఖాచిత్రంగా సవరించే వీలుంది. ఆ వివరం శబ్దంలో వినిపిస్తుంది, ముద్రణలో సాధారణ బాణంగా కుదించుకుపోతుంది. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై కర్ణాటక గమకాలను పలికించి, ఫ్రెట్‌లున్న పాశ్చాత్య వాద్యం వాటికి అడ్డు కాదని నిరూపించారు. అటువంటి వాదనాన్ని నేటి టాబ్లేచర్‌లో రాస్తే అంకెలు మిగులుతాయి, అంకెల మధ్య నడిచిన సంగీతం మిగలదు. దీక్షితుల పట్టిక వంటి గమక సంకేతావళిని టాబ్లేచర్‌కు చేర్చే పని ఇంకా చేయవలసి ఉంది.

7. పరిష్కర్త బాధ్యత:

టాబ్లేచర్‌పై ఒక ఆక్షేపణ ఉంది. అది ఒక వాదకుని చేతికి తగిన మార్గాన్ని అందరిమీద రుద్దుతుందని, స్టాఫ్ స్వేచ్ఛనిస్తుందని అంటారు. సోర్ కృతిని టాబ్లేచర్‌లోకి మార్చిన సందర్భంలో ఈ ఆక్షేపణ చెల్లుతుంది. అక్కడ టాబ్లేచర్ వ్యాఖ్యానం. వ్యాఖ్యానాన్ని మూలమని చదివించడం దోషమే. ముదార్రా విషయంలో ఆక్షేపణ తలకిందులవుతుంది. అక్కడ స్థానాలు రచయిత ఇచ్చినవి. స్టాఫ్ మాత్రమే ముద్రించి అంకెలను తొలగిస్తే మూలాన్నే తొలగించినట్టవుతుంది. కాబట్టి ఏ లిపి మేలన్నది రచనను బట్టి తేలవలసిన విషయం.

తాళపత్రప్రతులను పరిష్కరించేటప్పుడు శిథిలమైన చోట పరిష్కర్త ఊహించిన అక్షరాలను కుండలీకరణాలలో ఉంచడం, పాఠాంతరాలను అధస్సూచికలో చూపడం తెలుగు పరిశోధకులకు అలవాటైన క్రమశిక్షణ. ఊహ తప్పు కావచ్చు, ఊహ అని తెలిస్తే తరువాతివారు సరిదిద్దగలరు. సంగీతలిపి సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే ప్రచురణలలో ఈ క్రమశిక్షణ అరుదు. యంత్రం ఇచ్చిన అంకెకు అచ్చు గౌరవం దక్కుతుంది. గురువు లేని విద్యార్థి దానినే ప్రమాణంగా సాధన చేస్తాడు, చేతికి అలవాటైన మార్గాన్ని మార్చుకోవడం కష్టం. మొదటి స్థానంలో నొక్కని తీగలతో నేర్చిన రచనకు ఉద్దేశించిన నాదం ఆ విద్యార్థికి ఎన్నడూ వినిపించకపోవచ్చు. నష్టం పుటకు మాత్రమే పరిమితం కాదనడానికి ఇదే కారణం.

8. ముగింపు:

- టాబ్లేచర్ క్రియను చెప్పే లిపి, స్టాఫ్ నొటేషన్ ధ్వనిని చెప్పే లిపి. వీటి మధ్య అనువాదం ఏ దిశలోనూ సంపూర్ణం కాదు. స్టాఫ్ నుంచి మారితే తీగస్థానాన్ని, టాబ్లేచర్ నుంచి మారితే స్వరనామాన్ని, కాలవ్యాప్తిని, కొన్ని వాద్యాల విషయంలో స్థాయిని కూడా ఎవరో ఒకరు పూరించవలసి ఉంటుంది.
- గిటార్ ప్రో, లిలీపాండ్, మ్యూజ్‌స్కోర్ ఈ ఖాళీలను వేర్వేరు దిశల నుంచి పూరిస్తున్నాయి. పూరించిన విషయాన్ని పుటమీద ప్రకటించకపోవడం వీటి ఉమ్మడి లోపం.
- ప్రచురణకు సిద్ధం చేసేవారు ప్రధాన సంచారాలలో తీగ సంఖ్యలను తామే ఇవ్వడం, తమ ఊహలను కుండలీకరణాలతో వేరుచేయడం, తీగల శ్రుతి అమరికకు కారణాన్ని పీఠికలో చెప్పడం, టాబ్లేచర్ ఒంటరిగా ఉన్నప్పుడు కాలసంకేతాలతో కూడిన పూర్ణరూపాన్ని వాడడం అవసరం.
- సంగీత సంప్రదాయ ప్రదర్శినిలోని గమక సంకేతాలు ధ్వనిని, క్రియను ఒకే పంక్తిలో కలిపిన తెలుగు ముద్రణ ప్రయత్నం. గిటార్, మాండొలిన్ వంటి వాద్యాలపై కర్ణాటక సంగీతాన్ని రాయదలచినవారికి అది నేటికీ ఉపయోగపడే నమూనా.
- సాఫ్ట్‌వేర్‌లో రాసిన రచన కూడా ఒక ప్రతియే. దానికీ లేఖకుడు, పరిష్కర్త ఉంటారు. వారిలో ఒకరు యంత్రమైనప్పుడు ఆ సంగతి పాఠకునికి తెలియజేయడం పరిష్కరణ ధర్మం.